ఇరవై మూడులో నువ్వు, ఇరవై నాలుగులో నేను

ఇబ్రహీంపట్నం
17 మార్చి 2025, సోమవారం

బాలస్వామి అన్నకు, సుసన్న వదినకు శివయ్య, మారెమ్మల నమస్కారాలు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. పది దాటితే రోడ్డు మీద మనిషి కనబడడం లేదు. పొద్దున ఐదున్నరకు లేచి డ్రమ్ములు నింపాను. నల్లా ఆరింటికి వస్తే ఏడింటికల్లా పోతోంది. తర్వాత ఎల్లేశ్ కడుతున్న ఇంటికి వెళ్లి కొత్త గోడలకు నీళ్లు కొట్టి వచ్చాను. ఎల్లేశ్ నీకు తెలుసు, నా చేతి కింద పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు వాడు మేస్త్రి, నేను నీళ్లు కొట్టేవాణ్ని. వాడు గౌరవంగానే చూసుకుంటాడు. కూలీ కూడా సాయంత్రం కాకముందే ఇచ్చేస్తాడు.

నేను పడ్డ సంగతి ఎవరైనా చెప్పే ఉంటారు. రెండేళ్ల కింద ఒక ఇంటి మూడో అంతస్తు గోడకు ప్లాస్టరింగ్ చేస్తూ పడ్డాను. ప్రాణం దక్కింది. కుడి భుజం పైకి లేవదు. తాపీ పట్టుకుంటాను కానీ గోడ మీదికి విసరలేను. విసరలేని మేస్త్రిని ఎవరు పిలుస్తారు?

మీరు బాగున్నారని అనుకుంటున్నాను. అడిగే ముఖం నాకు లేదు, అందుకే అనుకుంటున్నాను అని రాశాను. దేవరకొండలో మీ అడ్రసు నువ్వు పని చేసిన బస్సు డిపోలో అడిగి తీసుకున్నాను. ఫోన్ నంబరు కూడా ఇచ్చారు. రెండుసార్లు నొక్కి, మోగక ముందే ఆపేశాను. నాలుగున్నర ఏళ్లు మాటల్లేకుండా ఉండి ఫోన్లో ఏం మొదలుపెట్టాలో తెలియలేదు. ఉత్తరమైతే నువ్వు చదవకుండా పక్కన పెట్టినా నాకు తెలియదు.

ఇక పని గురించి రాస్తాను.

యాచారంలో నారయ్యకు నల్లా సామాను, పైపులు, మేకులు, రంగులు అమ్మే దుకాణం ఉంది. వెనక ఒక గది, చిన్న వంటిల్లు. ఆయనకు చూపు తగ్గింది, దుకాణం గదితో సహా ఇచ్చేస్తానంటున్నాడు. తాపీ పట్టలేకపోయినా ఏ పైపుకు ఏ బెండు పడుతుందో నేను చెప్పగలను. చుట్టుపక్కల మేస్త్రీలందరూ నన్ను ఎరుగుదురు. మారెమ్మ గల్లా మీద కూర్చుంటానంటోంది. ఇది తప్పితే మాకు బతికే దారి ఇంకొకటి కనబడడం లేదు. ఆ దుకాణం కొనాలంటే ఇల్లు అమ్మాలి. ఏప్రిల్ నెలాఖరు దాకా ఆగుతానని నారయ్య మాట ఇచ్చాడు. "జుబాన్ ఇచ్చిన శివయ్యా, గని నెల దాటితే మాట మీద కూసోను. నాకు గూడ కండ్ల ఆపరేషన్ ఉన్నది" అన్నాడు. అందులో తప్పు పట్టేదేమీ లేదు.

ఇంటికి బేరం కూడా వచ్చింది. తిరుమల్ అని, ఆదిభట్లలో కంపెనీలో పని చేస్తాడు. కంపెనీ బస్సు మన రోడ్డు మీదే ఆగుతుంది. అతని భార్య నందిని వచ్చి గోడలు తట్టి చూసింది, మెట్లు ఎక్కి దిగింది, నల్లా విప్పి చూసింది. చివరికి "ఇల్లు మస్తుగున్నది అంకుల్. కాయితమే మంచిగ లేదు" అంది. వాళ్లకు బ్యాంకు లోను కావాలి. బ్యాంకువాళ్లు ఎల్‌ఆర్‌ఎస్ కాగితం లేకపోతే ఇవ్వమన్నారు.

ఎల్‌ఆర్‌ఎస్ అంటే గుర్తుంది కదా. కరోనా ఏడాది మనిద్దరం ఒకే బండి మీద మీ సేవ సెంటరుకు వెళ్లి వెయ్యి రూపాయల చొప్పున కట్టి దరఖాస్తు పెట్టుకున్నాం. అనుమతి లేని లేఔట్లలో కొన్న ప్లాట్లను సక్రమం చేస్తామన్నారు. తర్వాత దాన్ని మనం మరిచిపోయాం. ఇప్పుడు ఆ ఫైళ్లు బయటికి తీశారు. తొందరగా కడితే రుసుములో పాతిక శాతం తగ్గిస్తామంటున్నారు. నేను మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను.

అక్కడి సారు మంచివాడే. రుసుము ఇంత అన్నాడు. ఇంతెందుకని అడిగాను. "లేఔట్ల పార్కుకు జాగ ఇడిచిండ్రా?" అని అడిగాడు. లేఔట్ వేసి అమ్మిన రాంచంద్ర పటేల్ ముందు తెల్లరాళ్లు పాతి పార్కు అని చూపించాడని, తర్వాత అందులో కూడా మూడు ప్లాట్లు తీసి అమ్మాడని చెప్పాను. "ఆ ఇడవని జాగకే ఈ పైసలు" అన్నాడు. అమ్ముకున్నది ఆయన, కట్టేది మేమా సారూ అన్నాను. "ఆయన ఎక్కడున్నడు?" అన్నాడు. చనిపోయాడని చెప్పాను. "మరి బతికున్నోళ్లే కట్టాలె గద" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లంతా నవ్వారు. నేను కూడా నవ్వాను.

రుసుము కట్టడానికి నేను సిద్ధమే. చిక్కు అక్కడ లేదు.

పోయిన బుధవారం కొలతకు మనిషి వచ్చాడు. టేపు పట్టాడు, నా దస్తావేజు చూశాడు, వీధి చివరికి నడిచి వెళ్లి మళ్లీ వచ్చాడు. "పెద్దాయనా, నీ కాయితం ఇరవై మూడో ప్లాటుది. నువ్వు ఇరవై నాలుగుల ఉన్నవ్" అన్నాడు. అప్పుడు గుర్తు చేసుకున్నాను. నిజంగా అంతదాకా నాకు గుర్తే లేదన్నా. మనం 2001లో ప్లాట్లు నోటి మాట మీద మార్చుకున్నాం. మాకు తూర్పు ముఖం కావాలన్నాను, నువ్వు సరే అన్నావు. చాయ్ దుకాణం ముందు నిలబడి మాట్లాడుకున్నాం, వారానికి పునాదులు తీశాం. ఇంటి నంబరు, ఇంటి పన్ను, కరెంటు మీటరు ఎవరిది వాళ్లకే వచ్చాయి. దస్తావేజులు మాత్రం పెట్టెల్లో అలాగే ఉండిపోయాయి. నా ఇల్లు నీ పేరున ఉన్న జాగాలో ఉంది. నీ ఇల్లు నా పేరున ఉన్న జాగాలో ఉంది. మొత్తం వీధిలో ఈ పని చేసినవాళ్లం మనమిద్దరమే.

సారు చెప్పింది ఇది. ముందు రెండు ఫైళ్లకూ రుసుము కట్టాలి. రెండు కాగితాలూ వచ్చాక మనిద్దరం రిజిస్ట్రార్ ముందు నిలబడి మార్పిడి దస్తావేజు చేసుకోవాలి. అప్పుడే నేను అమ్మగలను. నువ్వు రాకపోతే నేను అమ్మలేను. ఏప్రిల్ దాటితే నారయ్య దుకాణం వేరేవాళ్లకు పోతుంది.

నీకు ఇల్లు అమ్మే పని లేదు. కిరాయి వస్తోంది. రుసుము కట్టవలసిన అక్కర ఈ రోజుకు నీకు లేదు. నా అవసరానికి నిన్ను ఖర్చులోకి లాగుతున్నాను కాబట్టి నీ ఫైలు రుసుము కూడా నేనే కడతాను. నువ్వు సంతకానికి రెండు రోజులు వస్తే చాలు.

రానంటే కూడా నేను ఏమీ అనుకోను. అనుకునే జాగాలో నేను లేను.

నీ తమ్ముడు,
శివయ్య

*

ఇబ్రహీంపట్నం
5 మే 2025, సోమవారం

బాలస్వామి అన్నకు, సుసన్న వదినకు,

చేతులెత్తి నమస్కరిస్తూ రాస్తున్నాను. ఇది ఊరికే ఉత్తరం మొదట్లో రాసే మాట కాదు.

నిన్న సాయంత్రం గాలి దుమారం వచ్చింది. అరగంట వాన పడింది. పక్కింటి రేకు ఒకటి లేచి మన వీధి చివర పడింది, ఎవరికీ తగలలేదు. ఈ రోజు పొద్దున నుంచి సామాను కడుతున్నాం. గిన్నెలు మూడు సంచులు, బట్టలు రెండు మూటలు, నా పనిముట్లు ఒక పెట్టె. పనిముట్లు ఎల్లేశ్‌కు ఇచ్చేద్దామంటే మారెమ్మ వద్దంది. దుకాణంలో గోడకు తగిలిస్తుందట. మేస్త్రీలు వచ్చి చూస్తే నమ్మకం కలుగుతుందట. వ్యాపారం అప్పుడే మొదలుపెట్టింది.

నా మొదటి ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. పదిహేను రోజులు చూశాను. రావనే అనుకున్నాను. నారయ్యతో చెప్పి వద్దామని యాచారం బస్సు కోసం బయలుదేరుతుంటే, ఏప్రిల్ మూడో తేదీ గురువారం, నువ్వు గేటు బయట నిలబడి ఉన్నావు. చేతిలో మున్సిపల్ ఆఫీసు రసీదు ఉంది. మా దగ్గరికి రాకముందే అక్కడికి వెళ్లి నీ ఫైలు రుసుము కట్టి వచ్చావు. లోపలికి రమ్మని మారెమ్మ అడిగితే "డ్యూటీ ఉన్నది" అన్నావు. నేను కడతానని రాశాను కదా అంటే "నా పేరు మీది ఫైలు, నేనే కడత. నీ పైసలతోని నా పేరు రసీదు నాకెందుకు?" అన్నావు. రసీదు నకలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయావు. మొత్తం నాలుగు నిమిషాలు కూడా కాలేదు.

నువ్వు మలుపు తిరిగిన తర్వాత మారెమ్మ నన్ను అడిగింది. "నువ్వు గట్ల పోయి కట్టెటోనివా? ఆయన జాగల నువ్వుంటే, ఆయన లెక్క కట్టెటోనివా?" అంది. కట్టేవాణ్ని కానని ఆమెకు తెలుసు.

నీకు తెలియని సంగతులు ఇంకొన్ని రాస్తాను. ఆ పదిహేను రోజుల్లో మన వీధిలో చాలామంది చాలా చెప్పారు. ఇరవై నాలుగు నీ పేరున ఉంది కాబట్టి ఇల్లే నీది అంటావని ఒకరన్నారు. సంతకానికి ఇంత అని అడుగుతావని ఇంకొకరన్నారు. ఆదిభట్ల వైపు ధర ఎలా పెరిగిందో నీకు తెలియకుండా ఉంటుందా అన్నారు. నేను వినలేదని రాస్తే అబద్ధమవుతుంది. రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. నువ్వు వచ్చి రసీదు ఇచ్చిన తర్వాత వాళ్లలో ఒకడు "మరి ఆయనకేం లాభం?" అని అడిగాడు.

తిరుమల్ వాళ్లు కూడా ఊరుకోలేదు. రెండు ప్లాట్ల చిక్కు తెలిసి నందిని ధర తగ్గించమంది. "లొల్లి ఉన్న ఇల్లు అంకుల్, గా రేటు మాకెట్ల?" అంది. తగ్గించడానికి ఒప్పుకునే దాకా వచ్చాను. నీ రసీదు చూపించిన రోజు తిరుమల్ పాత ధరే ఖాయం చేశాడు. వాళ్లకు కూడా ఇల్లు నచ్చింది, కాగితం దారిలో పడిందని తెలిశాక బేరం ఆడడానికి మనసు రాలేదు అనుకుంటాను. ఆ తేడాతోనే నారయ్య దుకాణంలో సరుకు సగం వస్తుంది. అది నీ వల్ల నాకు మిగిలింది.

ఇరవై ఐదో తేదీ, శుక్రవారం సంగతి నువ్వు చూసిందే. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు నేను సరిగా మాట్లాడలేదు.

రిజిస్ట్రార్ ఆఫీసులో బెంచీ మీద మనం మూడు గంటలు కూర్చున్నాం. మధ్యలో మారెమ్మ కూర్చుంది. డాక్యుమెంట్ రైటర్ వచ్చి హద్దులు చదివి వినిపించాడు. ఇరవై మూడుకు తూర్పున ఇరవై నాలుగు, ఇరవై నాలుగుకు పడమర ఇరవై మూడు, రెండింటికీ ఉత్తరాన గల్లీ. అప్పుడు నువ్వు "టికెట్ ఒక బస్సుకు తీసుకొని ఇంకో బస్సు ఎక్కి కూసున్నం ఇరవై నాలుగేండ్లు. చెకింగ్ ఇప్పుడొచ్చింది" అన్నావు. రైటర్ నవ్వాడు. నాకు ముందు నవ్వు రాలేదు. తర్వాత చాలాసేపు వచ్చింది. నవ్వుతుంటే భుజం నొప్పి పెట్టింది.

లోపల సారు ఇష్టంతోనే మార్చుకుంటున్నారా అని అడిగాడు. ఒకరికొకరు ఏమైనా ఇచ్చుకున్నారా అని అడిగాడు. "ఇరవై నాలుగేండ్ల కింద చాయ్ తాగినం సార్. పైసలు ఈయననే ఇచ్చిండు" అని నువ్వు చెప్పావు. ఆ చాయ్ పైసలు నేను ఇచ్చిన సంగతి నువ్వు గుర్తు పెట్టుకున్నావు. వేలిముద్రలు పెట్టాం, కెమెరా ముందు కూర్చున్నాం. నా వేలిముద్ర నాలుగుసార్లు పడలేదు. సిమెంటుకు వేళ్లు అరిగిపోయాయి కదా. నువ్వు నీ రుమాలు తీసి ఇచ్చి "తుడువు, జర ఒత్తిపెట్టు" అన్నావు. అయిదోసారి పడింది.

బయటికి వచ్చాక అందరం చాయ్ తాగాం. మారెమ్మను నువ్వు ఆటపట్టించావు. "ఏం మారెమ్మా, తూర్పు మొఖమే కావాల్నని పట్టు పట్టి నన్ను పడమటికి తోలినవ్. ఇప్పుడు యాచారంల ఏ మొఖం కొంటున్నవ్?" అన్నావు. మారెమ్మ నా వైపు చూసి, గ్లాసు కింద పెట్టి, "యాచారంల దుకాణం మొఖం ఎటున్నదో నేను సూడనే లేదు బావా" అంది. నువ్వు నవ్వి బస్సు వైపు నడిచావు. అన్నం తిని వెళ్లమన్నాను. మూడు నలభై బస్సు అన్నావు. బస్సు వాళ్లకు బస్సు టైము దాటదు కదా.

నువ్వు చేసిన పని పెద్దది. అమ్మవలసింది నేను, సొంత కాళ్ల మీద నిలబడవలసింది నేను. నువ్వు రెండుసార్లు సెలవు పెట్టి, నీకు అవసరం లేని రుసుము కట్టి, నీ పేరున ఉన్న మంచి జాగాను నా పేరుకు మార్చి ఇచ్చావు. ఒక్క షరతు పెట్టలేదు. పాత గొడవ ఎత్తలేదు.

ఆ గొడవ సంగతి నేనే ఎత్తుతాను. 2020 అక్టోబరులో ఆ పెద్ద వాన పడ్డప్పుడు మీ ఇంటి ముందు మోకాళ్ల లోతు నీళ్లు నిలబడ్డాయి. చివరి మెట్టు దాకా వచ్చాయి. నా దొడ్డి నీళ్లన్నీ వెనక గోడ కంతలోంచి మీ వైపే పోతున్నాయి. ఆ కంత మూసి నీళ్లు గల్లీ వైపు మళ్లించమని నువ్వు రెండుసార్లు అడిగావు, మూడోసారి సుసన్న వదిన అడిగింది. నేను "పల్లంల కట్టుకున్నది మీరు, నన్నేం చెయ్యమంటరు" అన్నాను. ఆ మాట అన్నది వదినతో. నువ్వు అప్పటి నుంచి మాట్లాడలేదు. తర్వాతి ఏడు దేవరకొండకు మార్చుకొని వెళ్లిపోయావు.

ఆ కంత మూసేశాను. నువ్వు సంతకం పెట్టి వెళ్లిన మరునాడు ఎల్లేశ్‌ను పిలిచాను. నా వైపు నుంచే, ఉమ్మడి గోడ వెంట, అడుగు వెడల్పు కాలువ తీశాం. నీటి వాటం ఉత్తరానికి పెట్టి గల్లీ మోరీలో కలిపాం. ఎల్లేశ్ తవ్వాడు, కట్టాడు. వాటం నేను పట్టాను, ఆ పని ఎడమ చేతితో కూడా అవుతుంది. నందిని వచ్చి చూసి "మా దిక్కు గిదేంది అంకుల్, ఉన్న జాగల కాలువ తీస్తున్నరు?" అంది. "మీ దిక్కు నీళ్లు వాళ్ల దిక్కు పోవద్దమ్మా" అని చెప్పాను. కాలువ ఎప్పటికీ మూయకూడదని అమ్మకం దస్తావేజులో రాయించాను. తిరుమల్ ఒప్పుకున్నాడు. నిన్నటి వానకు చూశాను. మీ వెనక గోడ పొడిగా ఉంది. మీ ఇంట్లో కిరాయికి ఉన్న పిల్లలు కూడా వచ్చి చూశారు.

ఈ రుసుము మీద ఊళ్లో అందరూ తిడుతున్నారు. నేను కూడా తిట్టాను. పార్కు అమ్ముకున్నవాడు పోయాడు, మనం కట్టాం అన్న కోపం ఇప్పటికీ ఉంది. కానీ అది రాకపోయి ఉంటే ఆ టేపు పట్టేవాడు వచ్చేవాడు కాదు. మన తర్వాత మన పిల్లలకు ఈ సంగతి తెలిసేది, వాళ్లకు మనలాగా మాట మీద నడిచే అలవాటు లేదు. కోర్టు మెట్లు ఎక్కేవాళ్లు. ఇప్పుడు ఇరవై మూడు నీది, ఇరవై నాలుగు నాది అని కాగితం చెబుతోంది. నీ ఇంటి రుసుము నేను కట్టాను, నా ఇంటి రుసుము నువ్వు కట్టావు. లెక్క సరిపోయింది. మిగతాది సరిపోలేదు, అది నాకు తెలుసు.

మే రెండున తిరుమల్ పేరున రిజిస్ట్రేషన్ అయింది. అదే రోజు సాయంత్రం నారయ్యతో దుకాణం ఖరారు చేసుకున్నాను. గడువు రెండు రోజులు దాటింది. "దాటితే దాటింది, కండ్ల డాక్టర్ గూడ తారీకు మార్చిండు" అన్నాడు. నా అదృష్టం.

దేవరకొండ నుంచి ఇటు డ్యూటీ పడితే యాచారంలో ఆగు. బస్టాండు దాటాక నాలుగో దుకాణం. వదినను కూడా తీసుకురా. ఆ రోజు ఏ బస్సు టైమూ చెప్పవద్దు.

నీకు రుణపడి ఉన్న తమ్ముడు,
శివయ్య

మరొక మాట:

ఇది యాచారంలో, బుధవారం రాస్తున్నాను. ఉత్తరం మడిచి రెండు రోజులు పోస్టు చేయకుండా జేబులో పెట్టుకున్నాను.

మారెమ్మ తూర్పు ముఖం అడగలేదు. ఆమెకు ఏ ముఖం పట్టింపూ లేదు. 2001లో పునాదులకు వారం ముందు, ఒక ఆదివారం నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు, నీళ్లు నింపిన లెవెల్ పైపు తీసుకొని రెండు ప్లాట్ల ఎత్తుపల్లాలూ చూశాను. పైపు రెండో కొస పట్టుకున్నది మారెమ్మ. నా ఇరవై మూడు నీ ఇరవై నాలుగు కన్నా రెండున్నర అడుగులు పల్లం. వాన పడితే నీళ్లు అక్కడే నిలుస్తాయని నాకు ఆ రోజే తెలుసు. మరునాడు చాయ్ దగ్గర తూర్పు మాట ఎత్తాను. నువ్వు చర్చికి పోయేవాడివి, దిక్కులు చూడవని తెలిసే ఎత్తాను. నీ ఇంటికి బేస్‌మెంట్ మూడడుగులు లేపుదాం, రోడ్డు మీదికి దర్జాగా కనబడుతుందని నేను చెప్పింది కూడా అందుకే. ఆ మట్టి ట్రాక్టర్లకు పైసలు నువ్వే ఇచ్చావు. నా పేరు మీది పల్లంలో నిన్ను ఉంచి, పల్లంలో కట్టుకున్నది మీరని వదినతో అన్నాను.

ఇరవై నాలుగేళ్లు నువ్వు తూర్పు అని ఆటపట్టించిన ప్రతిసారీ మారెమ్మ నా అబద్ధం తన మీద వేసుకొని ఊరుకుంది.

ఇది నీ సంతకం కాకముందు చెప్పవలసిన మాట. చెబితే నువ్వు పెట్టవేమోనని భయపడ్డాను. పెట్టేవాడివే అని మారెమ్మ అంటుంది. నాకు తెలియదు. ఇప్పుడు తెలుసుకునే వీలు కూడా లేదు. కాలువ దీనికి బదులు కాదు.

నిన్న, మంగళవారం పొద్దున తొమ్మిదింటికి తిరుమల్ వాళ్లు ఇంట్లో దిగారు. మారెమ్మ పదింటికి సామాను ఆటోలో వచ్చేసింది, అందులో ఇంకొకరికి చోటు లేదు. నేను పదకొండున్నర బస్సుకు వచ్చాను.